మూడో నీరు

రాయగడలో ఆదివారం పొద్దున
కరెంటు పోయేలోపు
అరవై అయిదు డిగ్రీలు పట్టుకోవాలి.
పేపరు మిల్లు లాబ్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు
గుజ్జు వేడి చూసిన థర్మామీటరు
నేను రిటైరైన రోజున నాతోపాటే ఇంటికొచ్చేసింది.
దొంగతనం అనకండి. అలవాటు.

డేగిసాలో బార్లీ మొలకలు నాలుగు కిలోలు,
సంతలో కొన్న చోళ్ళు ఒక కిలో:
తడిగుడ్డలో మూడు రాత్రులు నిద్రపుచ్చి,
మేడమీద ఎండబెట్టి,
పిచ్చుకలకు పన్ను కట్టి,
మిగిలినవి మర పట్టించాను.
"ఉగ్గుపిండేటి బాబూ?" అన్నాడు మరవాడు.
ఊఁ అన్నాను.

గరిటె తిప్పుతుంటే
అట్టు కాలబోయే ముందరి వాసన ఇల్లంతా.
చంద్రావతి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని
కొంగు చాటునే గట్టిగా పీల్చింది.
నేను చూళ్ళేదనుకుంది.

దుప్పటి కప్పి గంటసేపు పడుకోబెట్టాను.
అయోడిన్ చుక్క వేస్తే నీలం తిరగలేదు.
పిండి తీపైపోయింది.

తొలినీరు దిగింది:
తేనెరంగు, వేళ్ళు అంటుకునేంత చిక్కన.
మళ్ళీ వేడినీళ్ళు పోస్తే టీ రంగు.
మళ్ళీ పోస్తే,
బియ్యం కడిగిన నీళ్ళకి అన్న వరస.

తొలినీటికి బెంగళూరు పార్సిలు హాప్ పువ్వు.
అది సింహాద్రప్పడికి.
గూడ్సు గార్డుగా చేసినవాడు,
చేదుగా లేనిది మందే కాదంటాడు.
రెండోనీటిని రెండు జాడీలు చేసి
ఒకదాంట్లో నిరుటి వేపపువ్వు,
ఒకదాంట్లో అల్లం, తాటిబెల్లం.
అల్లంది బింబాధర్ కోసం.
"కార్తీకం దాటాకే కదా తీస్తావు?" అని
పంచాంగం చూసుకుని మరీ ఒప్పుకున్నాడు.

మూడోది తూము దగ్గర ఒంపబోతుంటే
కంద తెచ్చిన జగిలి గుమ్మంలో బుట్ట దించింది.
"పారబోత్తావేటి?"
నీళ్ళలో చెయ్యి ముంచింది. చాలంది.
నా థర్మామీటరు ముప్పై ఒకటి చూపించింది, ఆలస్యంగా.
నడుం ముడిలోంచి
సుద్దముక్కంత మందు ఉండ తీసి
చిదిమి చల్లి, మూకుడు మూసింది.

ఆ రాత్రి వంటింట్లో నాలుగు జాడీలు.
ఒకటి గబగబా, ఒకటి ఆగి ఆగి,
ఒకటి గురకలాగా.
"ఎవరో మాట్లాడుకుంటున్నారండీ" అంది చంద్రావతి.
మూటికి తెలుగులో చీటీలు అంటించాను.
తనదాని మీద బింబాధర్ వచ్చి
గుండ్రటి ఒడియా అక్షరాలు కూడా చేర్చాడు.
జగిలి జాడీకి బొగ్గుగీత ఒకటే.

నాలుగో రోజుకి ఆ గీత జాడీ పాలలా తెల్లబడింది.
మిగతావి ఇంకా మూలుగుతున్నాయి.
అడిగినవాళ్ళకి ఏం పోయను?
అదే పోశాను.
పులుపు, కాస్త పొగ, అడుగున చోడి మడ్డి.
సింహాద్రప్పడు "ఇది మజ్జిగ" అని తిట్టి
మూడు గ్లాసులు తాగాడు.
పంచాంగం సంగతి ఎవరూ ఎత్తలేదు.

తొలినీరు నెలకి తయారైంది.
సీసా మూత తీసి సింహాద్రప్పడు
బాగుంది, బాగుంది, బాగుంది అన్నాడు.
గ్లాసు మళ్ళీ చాపలేదు.
అల్లంది అంతకుముందే ఒక అర్ధరాత్రి పేలి
సీలింగు మీద ఏదో జిల్లా మ్యాపు గీసింది.
వేపపువ్వుది ఇంకా అటకమీదే ఉంది.
దానికి ధైర్యం కావాలి, నాకు.

"మరీ పల్చన కదా నీది?" అన్నాను జగిలితో.
"పొద్దున్న తాగి మెట్ట దున్నాల.
నువ్వు చేసింది తాగితే
మెట్టే మనల్ని దున్నుద్ది."
పిప్పంతా తన పందికి మూట కట్టుకుంది.

నా నోటుబుక్కులో
రెండు నీళ్ళకీ అంకెలున్నాయి: చిక్కదనం, వేడి, రోజులు.
మూడో వరస ఖాళీ.
మందు ఉండలో వేర్లేమిటని అడిగాను.
కుయిలో ఏవో రెండు పేర్లు చెప్పింది.
తెలుగులో రాసుకున్నాను.
చదివి వినిపించమంది. చదివాను.
నవ్వి నవ్వి గుమ్మంలోనే కూలబడింది.
నేను రాసింది వేరే చెట్టట.
అదీ ఉందిట కొండమీద.
దానితో మాత్రం ఏదీ పులవదుట.